నా మొహానికి నప్పని గొంతు

నా గొంతు నా మొహానికి నప్పలేదట. ఈ మాట దర్శకుడు నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, తాపీగా టీ తాగుతూ అన్నాడు. ముక్కూ మొహం తెలియనివాడెవడైనా అని ఉంటే దులిపేసుకుని పోయేదాన్ని. ఇన్నేళ్ళుగా తన సినిమాల్లో హీరోయిన్లందరికీ నా గొంతు తగిలించి చప్పట్లు కొట్టించుకున్నవాడు అన్నాడు.

నేను డబ్బింగ్ చెబుతాను. తెర మీద హీరోయిన్ పెదాలు కదుపుతుంది, చీకటి గదిలో మైకు ముందు నిలబడి నేను మాట్లాడతాను. మన సినిమాలకి హీరోయిన్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, వాళ్ళకి భాష రాదు. షూటింగులో డైలాగు బదులు ఒకటీ రెండూ మూడూ అని అంకెలు చెప్పేస్తారు. కళ్ళలో నీళ్ళు మాత్రం తెప్పించుకుంటారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ అంకెల మీద ప్రేమా, ఏడుపూ, పౌరుషం నేను అద్దాలి. పెళ్ళిచూపుల్లో ఈ అమ్మాయిలా సిగ్గుపడే పిల్ల కావాలి అంటూ ఉంటారు చూడండి, ఆ సిగ్గు నాది.

నా మొహాన్ని మాత్రం ఎవరూ కావాలనలేదు. నాన్న వేరే జాతి మనిషి. ఓడ ఇంజన్లు బాగుచేసే పని మీద సముద్రం దాటి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, మోటార్ల రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. అమ్మ ఆ వీధిలోనే బట్టలు కుట్టేది. కుట్టుమిషను మోటారు కాలిపోతే చంకన పెట్టుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. అంతే, అదే వాళ్ళ ప్రేమకథ. నాకు నాన్న కళ్ళూ, ఎండకి మచ్చలు తేలే ఆయన తోలూ, ఎర్రజుట్టూ వచ్చాయి. నోరు మాత్రం అచ్చంగా అమ్మది. బళ్ళో నన్ను పిల్లికళ్ళు అని పిలిచేవాళ్ళు. ఆ పేరు నాకంటే ముందే నేను వెళ్ళే ప్రతిచోటికీ వెళ్ళి కూర్చునేది. కూరగాయల కొట్టువాడు ఇప్పటికీ నాతో చేతులు ఊపి మాట్లాడతాడు. ధర కాస్త తగ్గించవయ్యా అని నేనంటే, పక్కవాళ్ళని పిలిచి మరీ చూపిస్తాడు, చూడండి, ఈవిడకి మన మాట వచ్చు అని. రాకేం. అతని కంటే ముందు పుట్టాను ఈ ఊళ్ళో.

పిల్లికళ్ళవాళ్ళకి మన సినిమాల్లో దొరికే పనులు రెండే. క్లబ్బులో గ్లాసు పట్టుకుని విలన్ ఒళ్ళో వాలడం ఒకటి. హీరోకి తగలాల్సిన తూటాకి అడ్డంపడి, అతని ఒళ్ళో తలపెట్టుకుని, వచ్చే జన్మలో నీ జాతిలో పుడతాను అని చెప్పి పోవడం ఇంకొకటి. బతికి బట్టకట్టిన పిల్లికళ్ళదాన్ని నేను తెర మీద ఇంతవరకూ చూడలేదు. అందుకే మైకు ముందే ఉండిపోయాను. అక్కడ చీకటిగా ఉంటుంది, మొహంతో పని లేదు.

అలాంటిది, ఈ దర్శకుడే ఒకరోజు డబ్బింగ్ మధ్యలో అద్దం అవతల నుంచి నన్ను తేరిపార చూసి, "అక్కా, మీరు నటిస్తారా?" అని అడిగాడు. పాతకాలం కథట. పరాయి దేశపు అధికారికీ ఇక్కడి మనిషికీ పుట్టిన కూతురు, పెద్దింటి అబ్బాయిని ప్రేమించి, ఆ ఇంటి గడప దగ్గరికి వస్తుంది. పెద్ద హీరోయిన్ ఆ ఇంటి ఇల్లాలు. ఇద్దరూ ఎదురుపడే సీను సినిమాకి గుండెకాయ అన్నాడు. ఆఖర్న నా పాత్ర చచ్చిపోతుందా అని అడిగాను. నీళ్ళు నమిలాడు. చచ్చిపోతుందని అర్థమైంది. అయినా ఒప్పుకున్నాను.

ఎందుకు ఒప్పుకున్నానో చెప్పాలి. షుగరు వ్యాధి అమ్మ కళ్ళని తినేసింది. ఇప్పుడు ఆవిడకి వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియవు. అయినా టీవీలో నా సినిమా వస్తే ముందు వరసలో కూర్చుంటుంది. "ఇప్పుడు ఏడ్చింది నువ్వే కదే. ఏడ్చే ముందు ముక్కు ఎగబీల్చావు," అంటుంది. వీధిలో వాళ్ళకి తెర మీద ఎవరో తెల్లటి పొడుగు పిల్ల కనిపిస్తుంది, అమ్మకి మాత్రం నేనే. అందుకే ఈ సినిమా సంగతి చెప్పగానే మొహమంతా కళ్ళయ్యాయి ఆవిడకి. "అంటే ఈసారి మనిషివీ నువ్వే, మాటా నువ్వేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ సాయంత్రానికల్లా వీధి మొత్తం చెప్పి వచ్చింది, గోడలు తడుముకుంటూ. ఒక్క సినిమా. నన్ను చూసినవాళ్ళూ, విన్న మా అమ్మా ఒకే మనిషి గురించి మాట్లాడుకునే ఒక్క సినిమా. నాకు కావలసింది అంతే.

షూటింగు బాగానే జరిగింది. ఎదురుపడే సీను రోజున పెద్ద హీరోయిన్ ఎప్పటిలాగే అంకెలు చెప్పింది. పాపం, మంచి పిల్ల, షాటుకీ షాటుకీ మధ్య నాకు గొడుగు పట్టేది. నా డైలాగు కాగితం మీద రెండు ముక్కలు ఉంది, అమ్మగారూ నన్ను క్షమించండి, నేను దూరంగా పోతాను అని. దర్శకుడు, "అక్కా, మీ నోటికి ఏదొస్తే అది చెప్పేయండి, ఎలాగూ డబ్బింగులో చూసుకుంటాం," అన్నాడు. అది వాళ్ళకి అలవాటు. అంకెలైనా ఒకటే, మాటలైనా ఒకటే.

నా నోటికి ఏదొచ్చిందో అదే చెప్పాను. "ఈ ఇంటికి కొత్తదాన్ని కావచ్చు, ఈ ఊరికి కాదు. నేను మొదటిసారి ఏడ్చింది ఈ ఊళ్ళోనే. మొదటి తిట్టు తిన్నది ఈ మాటల్లోనే. నన్ను తిట్టడానికి పనికొచ్చిన భాష, నేను మాట్లాడటానికి పనికిరాదా?" కెమెరా నా మొహం మీదే ఉంది, కళ్ళు కనపడేంత దగ్గరగా. కట్ చెప్పడం మరిచిపోయారు. లైట్లు పట్టుకున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. దర్శకుడు వచ్చి నా చేతులు పట్టుకున్నాడు కూడా.

ఆ చేతులతోనే ఇప్పుడు టీ గ్లాసు పట్టుకుని, నప్పలేదు అంటున్నాడు.

"తప్పుగా అనుకోకండక్కా. ఆ కళ్ళూ ఆ రంగూ చూశాక జనం చెవులు ఇంకో రకం మాట కోసం ఎదురుచూస్తాయి. ఆ మొహంలోంచి ఇంత శుభ్రమైన మాట వస్తే, ఎవరో డబ్బింగ్ చెప్పారనుకుంటారు."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.

"మరి మీ హీరోయిన్‌కి చెబుతున్నది డబ్బింగ్ కాదా?"

"అది వేరక్కా. ఆవిడ మన పిల్లలా ఉంటుంది కదా."

"మంచినీళ్ళు కావాలని అడగడం రాదు ఆ పిల్లకి. షూటింగులో దాహమేస్తే నన్ను పిలిచేది."

"మొహం మనదే కదక్కా," అన్నాడు ఓపిగ్గా, చిన్నపిల్లకి లెక్క చెబుతున్నట్టు. "మీరు కొంచెం విరిచి విరిచి చెప్పండి. దొరసానిలాగా. అది మీకంటే బాగా ఎవరు చెప్పగలరు?"

వెనకటికి ఒకటి రెండు సినిమాల్లో క్లబ్బు పిల్లలకి నేను అలా చెప్పిన మాట నిజమే. జనం పడీ పడీ నవ్వారు. మా నాన్న మాత్రం అలా మాట్లాడేవాడు కాదు. ఆయన నోట మాటలు ఆలస్యంగా వచ్చేవి. ఒక్కొక్క మాటా పనిముట్టు వెతికినట్టు వెతికి, సరైనది దొరికాకే బయటపెట్టేవాడు. అందులో నవ్వడానికి ఏమీ లేదు. ఈ సినిమావాళ్ళ విరుపు ఏ దేశంలోనూ ఎవరూ మాట్లాడరు, మనవాళ్ళు నవ్వుకోడానికి మనవాళ్ళే తయారు చేసుకున్నది.

రేపు చెబుతానని ఇంటికి వచ్చేశాను. అమ్మకి చెప్పకూడదనుకున్నాను గానీ, నేను చెప్పులు విడిచిన చప్పుడుకే ఆవిడకి తెలిసిపోయింది. "ఎవడిని తన్నాలనుకుంటున్నావే?" అని అడిగింది. మొత్తం చెప్పాను. వింటున్నంతసేపూ పాత జాకెట్టు కుట్లు వేలితో తడుముతూ కూర్చుంది. కథ ఆఖరు కూడా చెప్పమంది. అధికారి ఆ కూతురి తల్లిని వదిలేసి ఓడెక్కుతాడనీ, ఆవిడ బావిలో దూకుతుందనీ, కూతురు రోడ్డు మీద చచ్చిపోతుందనీ చెప్పాను.

"ఎప్పుడూ అంతేనేం?" అంది. "వాడు వదిలేసి పోవాలి, ఇది బావిలో దూకాలి. మీ నాన్నని పెళ్ళి చేసుకుంటావా అని ముందు అడిగింది నేను. ఆ మనిషి భయపడి మూడుసార్లు షెడ్డు తలుపేసుకున్నాడు. పోయేదాకా నా పక్కనే ఉన్నాడు, నేను చేసింది తిని నాకే వంకలు పెట్టాడు. అప్పట్లో రేవులో మాలాంటి జంటలు ఎంతమంది ఉండేవాళ్ళనుకున్నావ్. కొట్లాడుకునేవాళ్ళు, పిల్లల్ని బడికి పంపేవాళ్ళు, అందరిలాగే ముసలివాళ్ళై పోయేవాళ్ళు. వాళ్ళ సినిమా ఒక్కటి తియ్యమను మీ వాణ్ణి."

"తియ్యడమ్మా. అందులో బావి లేదు," అన్నాను.

"సరే. రేపు నేనూ వస్తాను. వాడు నా కూతురిని ఎలా మాట్లాడమంటాడో వింటాను."

వద్దంటే వినే మనిషి కాదు. మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వించుకుని తయారైంది. డబ్బింగ్ థియేటర్లో ఆవిడని లోపలి గదిలో, మిషన్ల దగ్గర ఉన్న సోఫాలో కూర్చోబెట్టాను. సౌండు ఇంజినీరుని నేను బాబాయ్ అంటాను. నా మొదటి సినిమా నుంచీ నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి. అమ్మకి నమస్కారం పెట్టి, చెవులకి పెట్టుకునేవి ఒక జత ఇచ్చాడు. దర్శకుడు కూడా లేచి నిలబడ్డాడు. మర్యాదకి ఏమీ తక్కువ లేదు వాళ్ళకి.

ఎదురుపడే సీను తెర మీద వేశారు. ముందు హీరోయిన్‌ది పూర్తిచేద్దామన్నారు. అంటే ఆవిడ నన్ను గడప దగ్గర నిలబెట్టి తిట్టే తిట్లన్నీ నేనే చెప్పాలి. "మా మాట తిన్నగా పలకడం రానిదానివి, మా ఇంటి గడప తొక్కుతావా? నీ పుట్టుకకి ఊరుందా, పేరుందా?" పని పనే. ఒక్క టేకులో చెప్పేశాను. ఆ పిల్ల అంకెలకి నా కోపం చక్కగా అతికింది. ఎంత బాగా వచ్చిందంటే, తెర మీద తలొంచుకుని నిలబడ్డ నన్ను చూసి నాకే అసహ్యమేసింది. అద్దం అవతల దర్శకుడు బొటనవేలు పైకెత్తి చూపించాడు.

తర్వాత నా వంతు. కొత్త కాగితం ఇచ్చారు. "అమ్మగారు... నేను మీ ఊరు మనిషి. నన్ను... ఛీ అనొద్దు. నేను పోవును." చెప్పి చూశాను. తెర మీద నా పెదాలు ఇంకేదో చెబుతున్నాయి. కాగితం మీద మాట అయిపోయాక కూడా నోరు కదులుతూనే ఉంది. ఇంకోసారి, సాగదీసి. కుదరలేదు. ఇంకోసారి, మధ్యలో ఏడుపు పెట్టి. కుదరలేదు.

"పెదాలు కలవట్లేదండీ," అన్నాడు బాబాయ్. "ఆవిడ అక్కడ అసలు మాట చెప్పేసింది. దాని మీద ఇది అతకదు."

దర్శకుడు గడ్డం గోక్కున్నాడు. "పోనీ అక్కడ వెనక నుంచి తీసిన షాటు వాడదాం. వీపు చూపిస్తే పెదాల గొడవే ఉండదు."

అదీ సంగతి. మొహానికి నప్పలేదని గొంతు తీసేశారు. ఆ గొంతు లేకపోతే మొహం కుదరలేదని మొహమూ తీసేస్తున్నారు. ఇంక నాదేం మిగిలింది? వీపు. ఏ మొహం కోసం పిలిచారో ఆ మొహమే వద్దు. వాళ్ళకి కావలసిన పిల్లికళ్ళది వాళ్ళ బుర్రల్లో ఎప్పటి నుంచో తయారుగా ఉంది, నేను అడ్డొస్తున్నాను, అంతే. అద్దం అవతల అమ్మ తల పక్కకి వంచి కూర్చుంది. ఏదో వెతుకుతున్నట్టు ఉంది ఆవిడ మొహం. నేను మాట్లాడుతుంటే నన్ను పోల్చుకోలేకపోవడం ఆవిడకి అదే మొదటిసారి.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"బాబాయ్, మొదటి నుంచి మొత్తం సీను వెయ్యి. ఇద్దరిదీ ఒకేసారి చెప్పేస్తాను," అన్నాను. దర్శకుడు సంతోషంగా తలూపాడు.

తెర మీద పెద్ద హీరోయిన్ గడప మీద నిలబడి వేలు చూపించింది. ఆ పిల్ల నోట్లో నేను దొరసాని మాట పెట్టాను. "మా మాట్... సరిగా పలకదు నువ్వు? మా గడప్... తొక్కును నువ్వు?" నగలు, కాటుక, తలలో పూలు, అంత నిండైన ఇల్లాలు అలా మాట్లాడింది. పెదాలు బ్రహ్మాండంగా కలిశాయి. అంకెల మీద ఏదైనా కలుస్తుంది మరి. లోపలి గదిలోంచి అమ్మ నవ్వు వినిపించింది, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. దర్శకుడు అద్దం మీద టకటక కొట్టాడు. బాబాయ్ చెయ్యి మీట మీద ఉంది గానీ ఆపలేదు. తెర నా మొహం మీదకి వచ్చింది. అప్పుడు నా మాట చెప్పాను, షూటింగులో చెప్పినట్టే, ఒక్క అక్షరం తగ్గకుండా. నా పెదాలూ నేనూ కలిసి మాట్లాడటం అదే మొదలు.

లైట్లు వేశారు. దర్శకుడు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏంటక్కా ఇది? ఆటలా?"

"భాష రానివాళ్ళకి రానట్టూ, వచ్చినవాళ్ళకి వచ్చినట్టూ చెప్పాను. నప్పలేదా?"

"చూసేవాళ్ళు నవ్వుతారు."

"నన్ను చూసి నవ్వితే మీకు ఇబ్బంది లేదు. ఆ పిల్లని చూసి నవ్వితే మాత్రం వచ్చిందా?"

అతను బాబాయ్ వైపు తిరిగి, అది చెరిపేయమన్నాడు. బాబాయ్ నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని చెరిపేశాడు. ఆయన ఉద్యోగం ఆయనది. ఆయన మీద కూడా కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

హీరోయిన్‌కి ఒకరి చేత, నాకు ఇంకొకరి చేత చెప్పించుకున్నారు. ఆ తర్వాత ఏ థియేటరు నుంచీ నాకు కబురు రాలేదు. నాది పొగరట. పుట్టుకలోనే ఉందట. ఆ పుట్టుక గురించి మాట్లాడినవాళ్ళే, సినిమాలో అలాంటి పుట్టుక మీద ఎంత జాలి చూపించామో అని పేపర్లలో ఇంటర్వ్యూలు ఇచ్చుకున్నారు.

సినిమా వచ్చింది. నేను చూడదలచుకోలేదు. అమ్మ ఊరుకోలేదు. "వీధంతా చెప్పుకున్నాను. నా కూతురి సినిమాకి నేను పోకపోతే ఎలా?" అంది. మ్యాట్నీకి తీసుకెళ్ళాను. హాలు నిండింది. మా ముందు వరసలో ఒక కుటుంబం, మా వెనక కాలేజీ పిల్లలు.

నేను తెర మీదకి రాగానే అమ్మ చేతిని నొక్కాను. "ఇదిగో, నేను."

తెర మీద నేను నోరు విప్పాను. ఎవరిదో సన్నటి గొంతు, విరుగుతూ, వంకర్లు పోతూ వచ్చింది. హాల్లో నవ్వులు మొదలయ్యాయి. వెనక పిల్లలు ఆ మాటని వెంటనే పట్టుకుని వెక్కిరించారు. అమ్మ తల పక్కకి వంచి విన్నది, ఆ రోజు అద్దం అవతల విన్నట్టే. తర్వాత కూడా నేను కనిపించినప్పుడల్లా చెయ్యి నొక్కాను. ఆవిడ చెయ్యి చల్లబడిపోయింది.

ఎదురుపడే సీను వచ్చింది. కొత్త గొంతుతో హీరోయిన్ గడప మీద నిలబడి తిట్టింది. హాలు చప్పట్లు కొట్టింది. తర్వాత నా వీపు కనిపించింది, తెర నిండా.

"ఇప్పుడు ఎవరే మాట్లాడుతోంది?" అంది అమ్మ.

"నేనేనమ్మా."

"కాదు." గట్టిగా అంది, నాలుగు వరసలు వినిపించేలా. "ఇది నువ్వు కాదు. నువ్వు చెప్పు."

లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, మైకు ముందు ఎప్పుడూ నిలబడే చెబుతాను కాబట్టేమో. "ఈ ఇంటికి కొత్తదాన్ని కావచ్చు, ఈ ఊరికి కాదు," అన్నాను. ఎవరో ఉష్ అన్నారు. "నేను మొదటిసారి ఏడ్చింది ఈ ఊళ్ళోనే." కూర్చోవమ్మా అని ఎవరో కేకేశారు. ముందు వరసలో మనిషి తిట్టడానికి వెనక్కి తిరిగాడు. తెర వెలుతురు నా మొహం మీద పడుతోంది. అతను నన్ను చూశాడు, తెర వైపు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

అమ్మ నా చీర కొంగు పట్టుకుని లాగింది. కూర్చోమంటుందనుకున్నాను.

"గట్టిగా చెప్పవే," అంది. "వెనకవాళ్ళకి వినపడట్లేదు."

గట్టిగానే చెప్పాను.